కొండపల్లి శిబిరంలో దొంగ లేఖ

కృష్ణాతీర చరిత్ర – 23వ భాగం

జరిగిన కథ: కపిలేంద్ర గజపతి కన్నుమూశాక సింహాసనం కోసం కొడుకులు హంవీరుడు, పురుషోత్తముడు తలపడ్డారు. హంవీరుడు బహమనీ సుల్తాను సాయం కోరాడు. అన్నదమ్ముల ఆ గొడవలో రాజమహేంద్రవరం, కొండపల్లి బహమనీల రాజధాని బీదరు ఏలుబడిలోకి వెళ్లిపోయాయి.

1481 ఏప్రిల్ మొదట్లో కొండపల్లి దగ్గర బహమనీ సైన్యం దిగి ఉంది. కంచి మీద పడి దోచుకొచ్చిన దండు అది. సుల్తాను మూడవ మహమ్మద్ షాకు అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. రెడ్డిరాజులు కట్టించిన కోట, ఒడ్డె గజపతులు ఏలిన కోట ఇప్పుడు తనది. ఉత్తరాన గోదావరి, దక్షిణాన కృష్ణ, మధ్యలో తూర్పు సముద్రం దాకా పరుచుకున్న పంటభూమి తన ఖజానాకు కప్పం కడుతోంది. బహమనీ రాజ్యం అంతకుముందెన్నడూ అంత విశాలంగా లేదు.

అదే శిబిరంలో ఏప్రిల్ 5న సుల్తాను తన ప్రధానమంత్రి తల తీయించాడు. ఆ మంత్రి మహమూద్ గవాన్. పర్షియాలోని గీలాన్ ప్రాంతంలో పుట్టి, గుర్రాలూ సరుకులూ అమ్ముకోవడానికి వచ్చి, ఇరవై ఏళ్లకు పైగా ఆ రాజ్యాన్ని భుజాన మోసిన డెబ్బై ఏళ్ల వృద్ధుడు. చంపించినవాడు ముస్లిమే, చచ్చినవాడూ ముస్లిమే. కుట్ర పన్నినవాళ్లు, కత్తి దూసినవాడు, తర్వాత ఏడ్చినవాళ్లు అందరూ ఒకే దిక్కుకు తిరిగి నమాజు చేసేవాళ్లే. మరి వాళ్ల మధ్య అంత చిచ్చు ఎలా రగిలింది? ఈ వారం కథ అదే.

కొలువులో కుడి, ఎడమ

బహమనీ రాజ్యం 1347లో గుల్బర్గా రాజధానిగా మొదలైంది. అంతకు ఇరవై ఏళ్ల ముందు మహమ్మద్ బిన్ తుగ్లక్ ఢిల్లీ జనాన్ని దేవగిరికి తరలించాడు. అలా వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాల సంతానం, ఇక్కడే మతం మారిన స్థానికులు కాలక్రమంలో దక్కనీలు అనిపించుకున్నారు. వాళ్ల మాట దక్కనీ. విజయవాడ వన్‌టౌన్ సందుల్లో నేడు వినిపించే ఉర్దూ ఆ మాట వంశంలోనిదే.

రెండో గుంపు సముద్రం దాటి వచ్చింది. పర్షియా, ఇరాక్, తుర్కెస్తాన్ నుంచి గల్ఫ్ రేవుల మీదుగా దాభోల్, గోవా, చౌల్ రేవుల్లో దిగిన వ్యాపారులు, సైనికులు, పండితులు వీళ్లు. వీళ్లకు ఆఫాకీలని పేరు. చదువూ రాతా అంతా ఫార్సీలో. చాలామంది షియాలు. మూడోవాళ్లు హబ్షీలు. తూర్పు ఆఫ్రికాలో, ముఖ్యంగా నేటి ఇథియోపియా వైపు, బానిసలుగా పట్టుబడి అమ్ముడై ఇక్కడి సైన్యంలో చేరినవాళ్లు. వీళ్లు చాలావరకు దక్కనీల పక్షాన నిలిచారు.

మక్కాలో నల్లజాతి బిలాల్‌ను బానిసత్వం నుంచి విడిపించి, మదీనాలో మొదటి అజాను ఆయన గొంతుతోనే ఇప్పించిన మతం ఇది. పర్షియా నుంచి వచ్చిన సల్మాన్‌ను ప్రవక్త తన ఇంటివాడిగా చెప్పుకున్నాడు. అరబ్బుకు అరబ్బు కానివాడి మీద, తెల్లవాడికి నల్లవాడి మీద ఎక్కువతనం లేదని తన చివరి హజ్ ప్రసంగంలో బోధించాడు. బీదరు కొలువులో ఉన్నవాళ్లందరికీ ఇది తెలుసు. మసీదులో పాటించారు కూడా. చిక్కంతా దర్బారులో వచ్చింది.

కొత్తగా వచ్చిన ఆఫాకీకి ఇక్కడ చుట్టం లేడు, ఊరు లేదు, పొలం లేదు. సుల్తాను దయ తప్పితే వాడికి దిక్కు లేదు. అందుకే సుల్తానులకు అలాంటివాడు ముద్దు. దక్కనీ సర్దారు అలా కాదు. వాడికి నాలుగు తరాల బలగం ఉంది, జాగీరు ఉంది. వాడు ఎదిగితే గద్దెకే ఎసరు. ఒకరిని అదుపులో పెట్టడానికి రెండోవారిని వాడుకోవడం బహమనీ సుల్తాను ఫిరోజ్ షా కాలం నుంచే రాజనీతి అయింది. 1422లో గద్దెనెక్కిన అహ్మద్ షా బస్రా వర్తకుడైన ఖలఫ్ హసన్‌కు ‘మలికుత్తుజ్జార్’ బిరుదు ఇచ్చి నెత్తిన పెట్టుకున్నాడు. రాజధానిని బీదరుకు మార్చి, కిర్మాన్ నుంచి సూఫీ గురువు షా నియామతుల్లా వంశీకులను రప్పించుకున్నాడు. అహ్మద్ షా కొడుకు కాలానికి ఆఫాకీలు సింహాసనానికి కుడివైపు, దక్కనీలు, హబ్షీలు ఎడమవైపు నిలబడే ఏర్పాటు జరిగిందని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. మనిషి నిలబడే చోటే వాడి జాతిని చాటేలా దర్బారును అమర్చాక పగ పెరగడానికి వేరే కారణం అక్కర్లేదు.

1447లో అది నెత్తురు చూసింది. కొంకణ్ దండయాత్రలో ఖలఫ్ హసన్ చనిపోయాడు. ప్రాణాలతో బయటపడిన ఆఫాకీలు పుణె దగ్గరి చాకణ్ కోటలో తలదాచుకున్నారు. వాళ్లు ద్రోహం తలపెట్టారని దక్కనీ సర్దారులు సుల్తానుకు లేఖలు పంపారు. తర్వాత అభయమిచ్చి, విందుకు పిలిచి ఊచకోత కోశారు. నిజం ఆలస్యంగా తెలుసుకున్న సుల్తాను ఈసారి దక్కనీలను శిక్షించాడు. ఒక అబద్ధపు లేఖతో వందల మంది ప్రాణాలు తీయవచ్చని ఆ రోజే రుజువైంది.

రెండు పక్షాల నడుమ మంత్రి

చాకణ్ రక్తపాతం జరిగిన ఆరేళ్లకు, 1453లో గవాన్ దాభోల్ రేవులో దిగాడు. గీలాన్‌లో అతని కుటుంబం పాలకుల కొలువులో పలుకుబడి ఉన్నదే. అక్కడి రాజకీయాల్లో పొసగక దేశం విడిచాడు. బీదరులో ఒక్కో మెట్టే ఎక్కాడు. సుల్తాను హుమాయూన్ షా అతన్ని మంత్రిని చేసుకున్నాడు. అతని తర్వాత పసిపిల్లలు రాజులైనప్పుడు రాజమాత నర్గీస్ బేగం, ఖ్వాజా జహాన్ తుర్క్, గవాన్ ముగ్గురూ కలిసి రాజ్యం నడిపారు. 1463లో పదేళ్లయినా నిండని మహమ్మద్ షా గద్దెనెక్కాడు. అంటే కొండపల్లిలో మరణశిక్ష వేసిన రాజు ఆ మంత్రి కళ్ల ముందు పెరిగిన కుర్రాడే.

గవాన్ పేరు చెప్పగానే బీదరులో 1472లో అతను కట్టించిన మదరసా గుర్తొస్తుంది. ఉస్మానీ తుర్కుల సుల్తానుతోనూ, హెరాత్‌లోని మహాకవి జామీతోనూ ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపినవాడని, ఆ లేఖలు ‘రియాజుల్ ఇన్షా’గా మిగిలాయని పండితులు చెప్పుకుంటారు. మన కథకు ముఖ్యమైనది మాత్రం అతని పాలన పద్ధతి. తాను ఆఫాకీ అయినా పెద్ద పదవులన్నీ ఆఫాకీలకే కట్టబెట్టలేదు. తెలంగాణ తరఫ్‌ను (రాష్ట్రాన్ని) మలిక్ హసన్ బహ్రీకి, బీరారును ఫతుల్లా ఇమాదుల్ ముల్క్‌కు ఇచ్చాడు. ఇద్దరూ దక్కనీలే. దౌలతాబాదు యూసుఫ్ ఆదిల్ ఖాన్‌కు దక్కింది, అతను ఆఫాకీ. హబ్షీ ఖుదావంద్ ఖాన్‌కూ పెద్ద పదవి ఇచ్చాడు.

ఇక్కడ మలిక్ హసన్ గురించి కొంచెం చెప్పుకోవాలి. అతని పుట్టుక నేటి మరాఠ్వాడాలోని పాత్రీ గ్రామానికి చెందిన బ్రాహ్మణ కుటుంబంలో. చిన్నప్పుడు విజయనగర యుద్ధంలో పట్టుబడి, మతం మారి, సుల్తాను కొలువులో పెరిగాడు. ఫతుల్లా కూడా అలాంటి బ్రాహ్మణ సంతానమే. అంటే దక్కనీ అన్నది ఒక జాతి కాదు. ఢిల్లీ నుంచి వచ్చిన తుర్కు మనవడు, మతం మారిన బ్రాహ్మణుడు, హబ్షీ సైనికుడు అందరూ ఆ పేరు కిందే చేరారు. ఆఫాకీల్లో పర్షియన్లూ ఉన్నారు, తుర్కులూ ఉన్నారు, అరబ్బులూ ఉన్నారు. రంగును బట్టో రక్తాన్ని బట్టో ఈ రెండు పక్షాలు ఏర్పడలేదు. దర్బారులో ఎవరి అన్నం ఎవరు లాక్కుంటున్నారన్న లెక్కే వాటిని కట్టి ఉంచింది.

ఆ లెక్కనే గవాన్ కదిపాడు. రాజ్యం పెరిగింది కాబట్టి నాలుగు తరఫ్‌లను ఎనిమిది చేశాడు. మలిక్ హసన్ చేతిలోని తెలంగాణ రెండైంది. రాజమండ్రి వైపు అతనికి మిగిలింది, ఓరుగల్లు వైపు మరొకరికి పోయింది. తరఫ్‌దారు చేతిలో ఒక్క కోటే ఉండాలి, మిగిలిన కోటలకు కిల్లేదారులను సుల్తానే నియమించాలి అన్నాడు. సైనికుల సంఖ్య చూసి జీతం, భూమి కొలిచి పన్ను అన్నాడు. దండును కాగితం మీద చూపించి డబ్బు మింగే సర్దారులకు ఇది మింగుడు పడలేదు. వాళ్లలో ఆఫాకీలూ ఉన్నారు, దక్కనీలూ ఉన్నారు. అయితే అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నవాడు మలిక్ హసన్. గోదావరి నుంచి కృష్ణ దాకా ఏకచ్ఛత్రంగా ఏలాలనుకున్న ఆశ అక్కడితో తెగిపోయింది. కొండపల్లి కథకు బీజం పడింది ఇక్కడే, మన డెల్టా భూముల మీదే.

ఆ రోజు

ఫెరిష్తా చెప్పిన కథ ఇది. గవాన్ ముద్ర ఒక హబ్షీ సేవకుడి దగ్గర ఉండేది. జరీఫుల్ ముల్క్ అనే దక్కనీ, మిఫ్తా అనే హబ్షీ అతన్ని మంచి చేసుకున్నారు. ఒకనాడు బాగా తాగించి, ఎవరో స్నేహితుడి లెక్కల కాగితమని చెప్పి, మడిచి ఉన్న ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. దాని మీద ఒరిస్సా గజపతికి గవాన్ రాసినట్టుగా ఒక లేఖ పుట్టింది. సుల్తాను తాగుడుకు బానిస, మీరు దండెత్తండి, నేను లోపలి నుంచి సాయపడతాను, రాజ్యం పంచుకుందాం అన్నది దాని సారాంశం. మలిక్ హసన్ దగ్గర ఉండగా ఆ లేఖ సుల్తాను చేతికి చేరింది.

సరిహద్దు కోటలో ఉన్న రాజుకు గజపతి పేరు వినపడితే చాలు. ఆ కోట చేతులు మారి పట్టుమని పదేళ్లు కాలేదు. మధ్యలో ఈ ప్రాంతపు కోటల్లో తిరుగుబాట్లు కూడా జరిగాయి. అబద్ధం అతకాలంటే అలాంటి చోటే కావాలి. బీదరులో చదివి ఉంటే నవ్వి పారేసే కాగితం కొండపల్లిలో నిజంలా కనిపించింది.

గవాన్‌కు పిలుపు వచ్చింది. వెళ్లొద్దని, గుజరాత్‌కు తప్పించుకోమని, వెంట మేం వస్తామని స్నేహితులు బతిమాలారు. అతను వినలేదు. దర్బారులో లేఖ చూపితే, ముద్ర నాదే, రాత నాది కాదు అన్నాడు. సుల్తాను అప్పటికే మద్యం మత్తులో ఉన్నాడు. విచారణ లేదు, సాక్షి లేడు. జౌహర్ అనే హబ్షీ బానిసకు సైగ చేసి లోపలికి లేచిపోయాడు. గవాన్ మక్కా వైపు తిరిగి మోకరిల్లి కలిమా చదివాడు. కత్తి దిగింది. ఆ మత్తు దిగేలోగా మంత్రి డేరాలు దోపిడీ అయ్యాయి.

ఖజానా లెక్క చూడమని సుల్తాను మనుషులను పంపితే అక్కడ కొండంత ధనం దొరకలేదు. జాగీరు మీద వచ్చింది సైన్యానికీ పేదలకూ పోయేది. తన తిండికి మాత్రం పర్షియా నుంచి తెచ్చుకున్న వ్యాపార పెట్టుబడి మీద లాభమే వాడేవాడని ఖజానాదారు వివరించాడు. లేఖ దొంగదని తేలాక సుల్తాను ఏడ్చాడు. శవాన్ని రాజలాంఛనాలతో బీదరుకు పంపాడు.

ఈ కథ చెప్పిన ఫెరిష్తా ఎవరో కూడా పాఠకులు గమనించాలి. అతను కాస్పియన్ తీరంలోని అస్తరాబాద్‌లో పుట్టినవాడు. గవాన్ చనిపోయిన నూట పాతికేళ్లకు బీజాపూరులో కూర్చుని చరిత్ర రాశాడు. అంటే అతనూ ఆఫాకీయే. దక్కనీల దుర్మార్గం, ఆఫాకీల మంచితనం అతని కలం నుంచి కాస్త ధారాళంగానే పారతాయి. తాగి ముద్ర వేసినవాడూ హబ్షీ, తల నరికినవాడూ హబ్షీ అని చెప్పడంలో అతని కాలపు చిన్నచూపు ఎంత, నిజమెంత అన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. దక్కనీలు తమ పక్షం చెప్పుకున్న గ్రంథమేదీ ఫెరిష్తా పక్కన పెట్టి చూసేంత పేరు పొందలేదు. చరిత్రలో గుంపు గెలవకపోయినా, కలం పట్టిన గుంపు మాటే నిలుస్తుంది.

వేరుగా దిగిన దండు

అయినా అదే ఫెరిష్తా తన పక్షానికి సరిపడని ఒక సంగతి కూడా రాశాడు. గవాన్ చనిపోయిన మర్నాడు బీరారు సైన్యం సుల్తాను శిబిరంలో కనిపించలేదు. ఫతుల్లా ఇమాదుల్ ముల్క్, ఖుదావంద్ ఖాన్ తమ దండును తీసుకుని దూరంగా వేరే శిబిరం వేసుకున్నారు. ఎందుకిలా అని సుల్తాను కబురంపాడు. గవాన్ లాంటివాడికే ఈ గతి పడితే మా ప్రాణాలకు భరోసా ఏమిటన్నది వాళ్ల జవాబు. దండయాత్ర మీద ఉన్న యూసుఫ్ ఆదిల్ ఖాన్ వచ్చేదాకా ముఖం చూపించలేదు. ఆ తర్వాత కూడా బీదరు నగరంలో అడుగు పెట్టకుండానే తమ ప్రాంతాలకు వెళ్లిపోయారు.

ఫతుల్లా దక్కనీ, బ్రాహ్మణ సంతానం. ఖుదావంద్ ఖాన్ హబ్షీ. యూసుఫ్ ఆఫాకీ. దర్బారు లెక్క ప్రకారం మొదటి ఇద్దరూ గవాన్ చావుకు సంతోషించాలి. వాళ్లు అలా చేయలేదు. ఇందులో స్వార్థం లేదని కాదు. రేపు తమ మీదకూ అలాంటి లేఖ రావచ్చన్న భయం ఉంది. కానీ పక్క గుంపు మనిషికి జరిగిన అన్యాయాన్ని తమ ఇంటి గుమ్మం దాకా వచ్చిన అన్యాయంగా లెక్కేశారు. ఈ కథ మొత్తంలో ఆఫాకీ, దక్కనీ, హబ్షీ ముగ్గురూ ఒక మాట మీద నిలిచిన చోటు ఇదొక్కటే. ఆ ముగ్గురినీ కలిపింది న్యాయం గురించిన భయమే. ఏ మతపెద్ద పిలుపూ దీనికి కారణం కాదు.

చెల్లించిన మూల్యం

మహమ్మద్ షా ఏడాది తిరక్కుండా, 1482 మార్చిలో పోయాడు. మలిక్ హసన్ బాల సుల్తాను పేరుతో రాజ్యమేలాడు, 1486లో తాను నమ్మిన మనిషి చేతిలోనే హతుడయ్యాడు. మరుసటి ఏడాది దక్కనీలు, హబ్షీలు రాజభవనం మీద పడ్డారు. ఆఫాకీలు రాజును కాపాడారు. ఆపైన బీదరు వీధుల్లో మూడు రోజులు దక్కనీల రక్తం పారింది. రాజును కాపాడినవాళ్లలో హమదాన్ నుంచి వచ్చిన ఒక తుర్కు యువకుడున్నాడు. అతని పేరు సుల్తాన్ కులీ. 1490 నాటికి అహ్మద్‌నగర్‌లో మలిక్ హసన్ కొడుకు, బీజాపూరులో యూసుఫ్, బీరారులో ఫతుల్లా ఎవరి గద్దె వాళ్లు వేసుకున్నారు. బీదరులో తుర్కు వంశీయుడు ఖాసిం బరీద్ పెత్తనం చేశాడు. కొన్నేళ్లకు గోల్కొండలో సుల్తాన్ కులీ స్వతంత్రుడయ్యాడు.

కృష్ణా డెల్టా మాటేమిటంటారా? ఎవరికి గవాన్ లేఖ రాశాడని నింద వేశారో ఆ పురుషోత్తమ గజపతే దాన్ని తిరిగి గెలుచుకున్నాడు. గోదావరి, కృష్ణల నడుమ నేల మళ్లీ కటకం ఏలుబడిలోకి పోయింది. దొంగ లేఖలో ఉన్న జోస్యాన్ని ఆ లేఖ రాసినవాళ్లే నిజం చేసిపెట్టారు.

తర్వాతి శతాబ్దాల్లో

గోల్కొండ కాలంలో మచిలీపట్నం రేవు పర్షియన్లతో, అరబ్బులతో, తుర్కులతో కిటకిటలాడింది. అర్దిస్తాన్ నుంచి వచ్చిన మీర్ జుమ్లా ఇక్కడే పాలకుడై, కోట్లకు పడగెత్తి, చివరికి మొగలుల వైపు ఫిరాయించాడు. సుల్తానుల ఓడలు ఎర్ర సముద్రానికి వెళ్లేవి, హజ్ యాత్రికులు వాటిలో ఎక్కేవాళ్లు. ఓడ మీద తెలుగు నావికుడి పక్కన ఇరానీ వర్తకుడు ఉండేవాడు. రేవులో కులాసాగా ఉన్నవాళ్లు గోల్కొండ దర్బారుకు వెళ్లేసరికి మళ్లీ పక్షాలు కట్టేవాళ్లు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. ఖిలాఫత్ ఉద్యమం దేశమంతా ఉధృతంగా ఉన్న రోజులవి. ఇస్తాంబుల్‌లోని తుర్కు ఖలీఫా కోసం కృష్ణా జిల్లా ముస్లిం కూడా కన్నీరు పెట్టిన కాలం. గాంధీజీతో కలిసి ప్రయాణిస్తున్న ఖిలాఫత్ నాయకుడు మౌలానా మహమ్మద్ అలీని అదే ఏడాది సెప్టెంబర్ 14న వాల్తేరు స్టేషన్‌లో అరెస్టు చేశారు. అయితే 1916లోనే అరబ్బులు తుర్కుల మీద తిరగబడ్డారు. 1924 మార్చి 3న తుర్కులే ఖలీఫా పదవిని రద్దు చేసుకున్నారు. బెజవాడ ముస్లిం ప్రపంచ ఐక్యత కోసం జైలుకు సిద్ధపడుతుంటే, ఆ ఐక్యతకు కేంద్రమనుకున్న చోట జాతీయ రాజ్యాలు పుట్టుకొచ్చాయి.

ఇక మన కాలానికి వద్దాం. 2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ–ఈ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. వివాదం కోర్టులకెక్కింది, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో అమలు కొనసాగింది. ఆ చట్టం జాబితా చదివితే మన కథలోని కొన్ని పేర్లు మళ్లీ కనిపిస్తాయి. రిజర్వేషన్ వర్తించనివారిలో సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్. వర్తించేవారిలో సిద్ది, హబ్షీ. పింజలు ఏకి దూది పరుపులు కుట్టిన, ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవారు అంతకుముందు నుంచే బీసీ–బీలో ఉన్నారు. పెళ్లి సంబంధం మాట వచ్చినప్పుడు సయ్యదు ఇంటికీ దూదేకుల ఇంటికీ మధ్య దూరం ఎంతో ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అందరం ముస్లిములమే కదా, ఈ పేర్లెందుకు అని అడిగేవాళ్లున్నారు. పేర్లు చెరిపేస్తే భేదాలు పోతాయని బహమనీ చరిత్ర చెప్పడం లేదు. ఎవరికి ఏమి అందుతోందో, ఎవరికి అందడం లేదో బాహాటంగా లెక్క చూసుకున్న గవాన్ పద్ధతే కాస్త ఐక్యతను తెచ్చింది. ఆ లెక్క నచ్చనివాళ్లు దొంగ లేఖను ఆశ్రయించారు. విచారణ లేకుండా దాన్ని నమ్మిన రాజు రాజ్యాన్ని పోగొట్టుకున్నాడు. మతం ఇచ్చిన సమానత్వపు మాట నిలబడాలంటే పదవి పంపకంలోనూ, నేర విచారణలోనూ అది కనిపించాలి. కొండపల్లిలో ఆ రెండూ తప్పాయి. ఫతుల్లా, ఖుదావంద్ ఖాన్ వేరే శిబిరం వేసి ఆ తప్పును ఎత్తి చూపారు, దిద్దడం వాళ్ల చేతిలో లేకపోయింది.

వచ్చే వారం: కృష్ణదేవరాయల దండు కొండపల్లి కొండ చుట్టిన వైనం, గోల్కొండ తుర్కు మళ్లీ ఈ కోట తలుపు తట్టిన కథ.